ప్రసార సాధనమున పనికిరాని తగిలింపులు

పెండ్లి చూడగోరు వారందరును పందిరి క్రిందనే కూర్చుండవలెనను నియమము నేడు లేదు. జగ్గయ్యపేటలోనో, నందిగామలోనో కల్యాణమండపమున మంగళవాద్యములు మ్రోగుచుండగా, పెండ్లికూతురి మేనమామ అమెరికాలో తన యింట కూర్చుండి ఆ వేడుకను కన్నులార చూచుచుండును. ఇచట రాత్రి 10-30 గంటలకు ముహూర్తమైనచో, శీతకాలమున న్యూయార్కు నగరమున అప్పుడు సరిగా మధ్యాహ్నము 12 గంటలు. ఆయన భోజనము వాయిదా వేసికొని తెర ముందు కూర్చుండును. కృష్ణాజిల్లా మెట్టప్రాంతమని మనవారు పిలుచుకొను ఈ సీమ 2022 ఏప్రిలు నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను, ఇచటి బిడ్డలు దూరదేశములకు పోయి ఉద్యోగములు చేయుటయు, ఇంటి శుభకార్యములను తెరపై చూచి సంతసించుటయు మారలేదు.

ఈ ప్రత్యక్ష ప్రసారములను నడపువారు పెద్ద సంస్థలవారు కారు. ఊరి ఫోటో స్టూడియోవారు, పెండ్లి వీడియో తీయువారు, గుడి ఉత్సవములకు సాయపడు యువకులు ఈ పనిని చేయుచుందురు. వారి చేత ఒకటి రెండు కెమెరాలు, ఒక మైకు, ఒక కంప్యూటరు ఉండును. ఆ కంప్యూటరు ఆపిల్ వారి మ్యాక్ అయినచో, అందు ఓబీఎస్ స్టూడియో అను ప్రసార సాఫ్ట్‌వేరును పెట్టుకొనువారు పెక్కుమంది. దానికి అదనముగా చేర్చుకొను చిన్న సాధనములను ప్లగిన్లు అందురు. తెలుగున తగిలింపులు అనవచ్చును. అక్కర యున్నంతకాలము ఇవి మంచివే. అక్కర తీరిన పిమ్మట వాటిని ఎట్లు గుర్తింపవలెను, ఏ వరుసలో తీసివేయవలెను అను విషయమును ఇచట వివరింపదలచినాము.

ఇంత చిన్న విషయమునకు ఒక ప్రసంగము అవసరమా యని కొందరు అడుగవచ్చును. మాంగల్యధారణము ఒక్కమారే జరుగును. ఆ క్షణమున ప్రసారము ఆగిపోయినచో దానిని మరల జరిపించి చూపుటకు వీలులేదు. కెమెరా మంచిదే, ఇంటర్నెట్టు మంచిదే, కరెంటు ఉన్నది. అయినను తెర నిలిచిపోవును, లేదా సాఫ్ట్‌వేరు తనంతట తాను మూతపడును. కారణము వెదకగా, ఏడాది క్రిందట ఎవరో చేర్చి మరచిన తగిలింపు ఒకటి బయటపడుట కలదు. ప్రసారమునకు ఉపకరించు గొలుసులో అదనముగా చేరిన ప్రతి కడియును తెగుటకు ఒక అదనపు చోటే. కావున పనికిరాని కడిని తీసివేయుట కూడ ప్రసారకుని పనిలో భాగమే.

మొదట తగిలింపు అనగా ఏమో చూతము. ఓబీఎస్ 2012వ సంవత్సరమున మొదలైనది. దానిని ప్రారంభించినవాడు హ్యూ బెయిలీ. దానికి వెల లేదు. దాని మూలరచన అందరికిని తెరచియే యుండును. కావున లోకములో ఎవరైనను దానికి అమరునట్లు ఒక చిన్న సాధనమును వ్రాసి పంచిపెట్టవచ్చును. ఒకటి దృశ్యములు మారునప్పుడు బొమ్మను మెల్లగా జరుపును. మరియొకటి మనిషి వెనుకనున్న గోడను మాయము చేయును. వేరొకటి ఒకే ప్రసారమును యూట్యూబునకును ఫేస్‌బుక్కునకును ఒక్కమారే పంపును. ఇట్టివి వందలకొలది కలవు. వీనిలో పెక్కింటిని వ్రాసినవారు ఒంటరిగా, తీరిక వేళలలో పని చేయువారు. వారికి తీరిక లేకపోయినచో తగిలింపు పాతబడును. ఓబీఎస్ మాత్రము ముందుకు సాగుచునే యుండును. చిక్కులలో సగము ఈ ఎడమువలననే పుట్టును.

ఉదాహరణమునకు 2022వ సంవత్సరమును చూడుడు. ఆ ఏడు ఓబీఎస్ 28వ తరము వెలువడినది. ఆపిల్ వారు 2020 నుండి మ్యాక్‌లలో ఇంటెల్ చిప్పునకు బదులు తమ సొంత చిప్పును అమర్చుచు వచ్చిరి. ఓబీఎస్ ఆ చిప్పుపై మధ్యవర్తి లేకుండ నేరుగా పనిచేయుట 28వ తరముతోనే మొదలైనది. తెరపై కనబడు మీటలను పట్టికలను గీయు క్యూట్ అను పునాది కూడ అదే తరమున 5 నుండి 6కు మారినది. పాత పునాదికై వ్రాసిన తగిలింపులలో పెక్కులు క్రొత్తదానిలో ఇమడలేకపోయినవి. ఇంటెల్ చిప్పునకు మాత్రమే తయారైన తగిలింపును క్రొత్త చిప్పుపై నేరుగా నడచు ఓబీఎస్ తనలో చేర్చుకొనజాలదు.

మరికొన్ని తగిలింపులు చెడిపోయి కాదు, పని లేక మిగిలిపోయినవి. దూరమునుండి ఓబీఎస్‌ను నడపుటకై వెబ్‌సాకెట్ అను తగిలింపును పూర్వము విడిగా తెచ్చుకొనవలసి వచ్చెడిది. 28వ తరము నుండి అది ఓబీఎస్‌లోనే చేరినది. మ్యాక్‌లో మ్రోగు ధ్వనిని ప్రసారములోనికి తెచ్చుటకు సౌండ్‌ఫ్లవర్, బ్లాక్‌హోల్ వంటి ధ్వని సాధనములను చేర్చెడివారు. 2022లో వచ్చిన వెంచురా తరము మ్యాక్‌లలో ఓబీఎస్ 28 ఆ ధ్వనిని తానే గ్రహింపగలిగినది. ఓబీఎస్ దృశ్యమును ఇతర సాఫ్ట్‌వేర్లకు కెమెరా వలె చూపు సాధనము కూడ పూర్వము విడిగా వచ్చెడిది. 2020 డిసెంబరులో వచ్చిన 26.1వ తరము నుండి మ్యాక్‌లకును అది ఓబీఎస్‌తోనే లభించుచున్నది. పాత యంత్రమును క్రమముగా నవీకరించుకొనుచు వచ్చినవారి కంప్యూటరులో ఈ పాత చుట్టములందరును ఇంకను కూర్చుండి యుండవచ్చును.

ఇక మూడవరకము కలదు. అవి చెడినవియు కావు, పాతవియు కావు. మన పనికి అక్కరలేనివి. గోడను మాయము చేయు తగిలింపు ప్రతి బొమ్మను పరిశీలించి మనిషి అంచును గుర్తింపవలెను. ఇది కంప్యూటరునకు బరువైన పని. గదిలో కూర్చుండి పాఠము చెప్పువారికి అది ఉపయోగమే కాని, పందిరిలో పూలతో అలంకరించిన మండపమును మాయము చేయుమని ఏ పెండ్లివారును కోరరు. రెండు గమ్యములకు పంపు తగిలింపు సంగతియు అంతే. ఒక్కొక్క గమ్యమునకు సెకనుకు 4,000 కిలోబిట్లు పోవుచున్నచో, రెండింటికి 8,000 కావలెను. మరచిపోయిన రెండవ గమ్యము ప్రధాన ప్రసారముతోపాటు తానును మొదలగునట్లు అమర్చబడి యున్నచో, మండపములోని ఇంటర్నెట్టు ఆ భారమును మోయలేక రెండు ప్రసారములును తడబడును.

అయితే ఆటంకము కలిగిన ప్రతిమారును నేరమును తగిలింపులపై మోపరాదు. నేరస్థుని నిర్ణయించుటకు ఓబీఎస్‌లోనే చక్కని ఉపాయము కలదు. 2023 నవంబరులో వచ్చిన 30వ తరము నుండి సేఫ్ మోడ్ అను సురక్షిత పద్ధతి చేరినది. హెల్ప్ పట్టికలో దానికై ఒక వరుస యుండును. దానిని ఎన్నుకొనినచో ఓబీఎస్ మూసికొని, బయటినుండి వచ్చిన తగిలింపులు ఏవియు లేకుండ మరల తెరచుకొనును. ఆ స్థితిలో కూడ ఆటంకము కలుగుచున్నచో కారణము వేరొకచోట నున్నది. తీగనో, కెమెరానో, ఇంటర్నెట్టునో చూచుకొనవలెను. ఆటంకము మాయమైనచో తగిలింపులలోనో, ఓబీఎస్‌తో నడచు స్క్రిప్టులలోనో దోషమున్నదని తెలియును. సేఫ్ మోడ్ స్క్రిప్టులను, వెబ్‌సాకెట్‌ను కూడ ఆపివేయునని గుర్తుంచుకొనవలెను.

తగిలింపులలోనే దోషమని తేలిన పిమ్మట, ఏ తగిలింపు అని నిర్ణయింపవలెను. హెల్ప్ పట్టికలోనే లాగ్ ఫైల్స్ అను వరుస కలదు. ఓబీఎస్ తెరచుకొనిన ప్రతిమారును తన దినచర్యను అందు వ్రాసికొనును. ఆ దినచర్యలో లోడెడ్ మాడ్యూల్స్ అను శీర్షిక క్రింద, ఆనాడు లోనికి వచ్చిన తగిలింపుల పేర్లన్నియు వరుసగా నుండును. ఓబీఎస్‌తో పుట్టినవియు, మనము చేర్చినవియు అందు కలిసియే యుండును. లోనికి రాలేక గుమ్మముకడ ఆగిపోయినవాని సంగతియు ఆ దినచర్యలో వెదకి తెలిసికొనవచ్చును. పెండ్లి పెద్ద విందుకు వచ్చినవారి పేర్లు వ్రాసికొనునట్లు, ముందు ఈ పేర్లను ఒక కాగితముపై వ్రాసికొనుట మంచిది.

2025 సెప్టెంబరులో వచ్చిన 32వ తరమున ప్లగిన్ మేనేజర్ అను క్రొత్త పట్టిక చేరినది. చేర్చబడిన తగిలింపుల పేర్లు అందు కనబడును. ఒక్కొక్కదానిని ఆపివేయుటకును, మరల నడపుటకును అందు వీలున్నది. మార్పు అమలగుటకు ఓబీఎస్‌ను మూసి తెరువవలెను. ఇది తొలగింపు కాదు. అతిథిని కొంతసేపు వరండాలో కూర్చుండబెట్టుట వంటిది. ఫైలు డిస్కులో నున్నచోటనే యుండును. అయినను పరీక్షకు ఇంతకంటె సులువైన మార్గము లేదు. 32కు ముందటి తరములవారు ఫైళ్ళను తాత్కాలికముగా వేరొకచోటికి జరిపి అదే పరీక్షను చేయవచ్చును.

ఈ పరీక్షను ఒక్కొక్కటిగా చేయుటకంటె సగము సగముగా చేయుట మేలు. ఎనిమిది తగిలింపులున్నవనుకొందము. నాలుగింటిని ఆపి చూడుడు. చిక్కు తొలగినచో దోషము ఆ నాలుగింటిలో నున్నది. తొలగనిచో మిగిలిన నాలుగింటిలో నున్నది. ఆ నాలుగింటిని రెండుగా, ఆ రెంటిని ఒకటిగా విడదీసినచో మూడు పరీక్షలలో నేరస్థుడు దొరకును. ఒక్కొక్కదానిని వరుసగా చూచినచో ఏడు పరీక్షలైనను చేయవలసి రావచ్చును. రెండు తగిలింపులు ఒకదానితో నొకటి పోట్లాడుచున్నప్పుడు మాత్రము ఈ లెక్క తప్పవచ్చును. అప్పుడు ఓపికతో ఒక్కొక్కటిగానే చూడవలెను.

తొలగించుటకు ముందు రెండు జాగ్రత్తలు తీసికొనవలెను. మొదటిది, నకలు. ఓబీఎస్‌లోని ఫైల్ పట్టికలో షో సెట్టింగ్స్ ఫోల్డర్ అను వరుసను ఎన్నుకొనినచో, మన అమరికలన్నియు నుండు ఫోల్డరు తెరచుకొనును. దృశ్యముల కూర్పులు, ప్రసార వివరములు, దినచర్యలు అన్నియు అందే యుండును. ఓబీఎస్‌ను మూసిన పిమ్మట ఆ ఫోల్డరును సమూలముగా వేరొక డిస్కులోనికి నకలు చేసికొనవలెను. అందు ఒక రహస్యము కూడ నున్నది. యూట్యూబువారు ఇచ్చిన ప్రసారపు తాళము, అనగా స్ట్రీమ్ కీ, ఆ ఫోల్డరులోపలనే యుండును. అది ఎవరి చేత పడినను వారు మన పేరుతో ప్రసారము చేయగలరు. కావున ఆ నకలును సాయమడుగు నెపమున ఎవరికిని పంపరాదు.

రెండవ జాగ్రత్త, దృశ్యములను సరిచూచుట. తగిలింపు ఒంటరిగా నుండదు. ఒక కెమెరాకు రంగు దిద్దు వడపోతగానో, దృశ్యములు మారు పద్ధతిగానో, పేరు చూపు పట్టీగానో అది మన దృశ్యములలో అల్లుకొని యుండును. ముందుగా ఓబీఎస్‌ను తెరచి, ఆ తగిలింపు ఎచటెచట వాడబడినదో చూచి, అచటినుండి దానిని తీసివేసి, బదులుగా ఓబీఎస్‌లో సహజముగా నున్నదానిని పెట్టవలెను. ఈ పని చేయక తగిలింపు ఫైలును మాత్రము తీసివేసినచో, దృశ్యములో దాని పేరు మిగిలి పని మాత్రము జరుగదు. వధూవరుల పేర్లు కనబడవలసినచోట ఏమియు కనబడదు. మిరపతోటలో కలుపు తీయు కూలికి ఈ మర్మము తెలియును. కలుపు మొక్క వేరు మిరప వేరుతో పెనవేసికొనియున్నచో, ముందు విడదీసి పిమ్మట పెరుకును.

ఇప్పుడు అసలు ప్రశ్న. తగిలింపు ఎచట నివసించును? అప్లికేషన్స్ ఫోల్డరులోని ఓబీఎస్‌ను చెత్తబుట్టలో వేసినచో తగిలింపులు కూడ పోవునని పెక్కుమంది తలచెదరు. అవి పోవు. మరల ఓబీఎస్‌ను చేర్చినచో ఆ తగిలింపులే మరల వచ్చి కూర్చుండును. జగ్గయ్యపేట ధనబోడు కొండపై బౌద్ధస్తూపమును 1882లో జేమ్స్ బర్జెస్ త్రవ్వించెను. అచట దొరికిన చెక్కడపు ఫలకములను చూడగోరువారు కొండనెక్కిన చాలదు. అవి చెన్నై ప్రభుత్వ మ్యూజియమునకు చేరినవి. తగిలింపుల సంగతియు అట్టిదే. ఓబీఎస్ ఒకచోట నుండును, దాని తగిలింపులు వేరొకచోట నుండును. ఆ చోట్లు ముఖ్యముగా మూడు.

మొదటి చోటు మన సొంత లైబ్రరీ. మ్యాక్‌లో ప్రతి వాడుకరికిని లైబ్రరీ అను ఫోల్డరు ఒకటి యుండును. తెలియనివారు చెడగొట్టుదురని ఆపిల్ వారు 2011 నుండి దానిని కనబడకుండ దాచినారు. ఫైండరులో గో పట్టికను తెరచి ఆప్షన్ మీటను నొక్కిపట్టినచో లైబ్రరీ పేరు పట్టికలో వెలువడును. అందు అప్లికేషన్ సపోర్ట్, దానియందు ఓబీఎస్ స్టూడియో, దానియందు ప్లగిన్స్ అను ఫోల్డరులు వరుసగా నుండును. ఇంత దూరము నడువనక్కరలేదు. పైన చెప్పిన షో సెట్టింగ్స్ ఫోల్డర్ వరుస మనలను నేరుగా ఓబీఎస్ స్టూడియో ఫోల్డరునకే చేర్చును. 28వ తరము తరువాతి తగిలింపులు సాధారణముగా ఇచట నుండును. ఒక్కొక్కటి ఒక్కొక్క మూట వలె, చివర చుక్కయు ప్లగిన్ అను మాటయు గల పేరుతో కనబడును.

రెండవ చోటు యంత్రమునకంతటికిని ఉమ్మడిగా నున్న లైబ్రరీ. ఇది డిస్కు మొదటి అంతస్తున కనబడును. ఇందును అప్లికేషన్ సపోర్ట్, ఓబీఎస్ స్టూడియో, ప్లగిన్స్ అను వరుస ఉండవచ్చును. 28వ తరమునకు పూర్వపు తగిలింపులు ఎక్కువగా ఇచట చేరెడివి. రెండు లైబ్రరీలకును పేరు ఒకటే యగుటచేత పొరబాటు పడుట సులభము. ఒకటి మన గది బీరువా, రెండవది ఊరి ఉమ్మడి గిడ్డంగి యని గుర్తుంచుకొనిన చాలును. గిడ్డంగిలో వస్తువును కదల్చుటకు అధికారముండవలెను గాన మ్యాక్ నిర్వాహకుని సంకేతపదమును అడుగును.

మూడవ చోటు ధ్వనికిని, కెమెరాకును సంబంధించినది. బ్లాక్‌హోల్ వంటి ధ్వని సాధనములు ఉమ్మడి లైబ్రరీలో ఆడియో, దానియందు ప్లగిన్స్, దానియందు హెచ్.ఏ.ఎల్. అను ఫోల్డరులో నుండును. పాతకాలపు కెమెరా తగిలింపు అదే లైబ్రరీలో కోర్‌మీడియా ఐఓ, దానియందు ప్లగిన్స్, దానియందు డి.ఏ.ఎల్. అను ఫోల్డరులో నుండును. నిజమునకు ఇవి ఓబీఎస్ తగిలింపులు కావు, మ్యాక్‌కే తగిలించినవి. 2023లో వచ్చిన సోనోమా కాలమునుండి పాతరకపు కెమెరా తగిలింపులను మ్యాక్ సహజముగా అనుమతించుట మానినది. ఓబీఎస్ 30వ తరము వెంచురా మొదలుకొని క్రొత్తరకపు కెమెరా పద్ధతిని అవలంబించినది. కనుక డి.ఏ.ఎల్. ఫోల్డరులో ఓబీఎస్ పేరుతో పాతది మిగిలియున్నచో అది ప్రాణము పోయిన వస్తువే. ధ్వని సాధనము విషయమున మాత్రము తొందరపడరాదు. పాటలు కూర్చు వేరొక సాఫ్ట్‌వేరు దానిని వాడుచుండవచ్చును. విచారించి తీయవలెను.

ఓబీఎస్ లోపల కూడ ప్లగిన్స్ అను ఫోల్డరు ఒకటి కలదు. అందున్నవి ఓబీఎస్‌తో పుట్టిన అవయవములు. కొందరు షో ప్యాకేజ్ కంటెంట్స్ అను వరుసతో ఓబీఎస్‌ను తెరచి, లోపల అక్కరలేదని తోచినవానిని తీసివేయుదురు. ఈ పని చేయరాదు. సాఫ్ట్‌వేరు ఏ మార్పునకును లోను కాలేదని చెప్పు ముద్ర దానిపై నుండును. లోపలి వస్తువు ఒక్కటి కదలినను ఆ ముద్ర చెడును. అటుపై మ్యాక్ దానిని నమ్మక తెరచుటకు నిరాకరింపవచ్చును.

చోటు తెలిసిన పిమ్మట తొలగించుట కష్టము కాదు. మొదట కమాండ్, క్యూ మీటలను కలిపి నొక్కి ఓబీఎస్‌ను పూర్తిగా మూయవలెను. పిమ్మట డెస్క్‌టాప్‌పై ఒక క్రొత్త ఫోల్డరును సృష్టించి, దానికి ఆనాటి తేదీని పేరుగా పెట్టవలెను. తీయదలచిన తగిలింపును చెత్తబుట్టలో వేయక, ఆ తేదీ ఫోల్డరులోనికి జరుపవలెను. ఓబీఎస్‌ను తెరచి, దినచర్యలో ఆ పేరు మాయమైనదో లేదో చూడవలెను. దృశ్యములన్నిటిని ఒకమారు త్రిప్పి చూడవలెను. అన్నియు సరిగా నున్నచో అప్పుడు రెండవ తగిలింపును తీయవలెను. ధ్వని సాధనమునో, కెమెరా సాధనమునో తీసినప్పుడు మ్యాక్‌ను ఒకమారు ఆపి మరల నడపవలెను. ఒకటి రెండు ప్రసారములు నిరాటంకముగా జరిగిన పిమ్మట ఆ తేదీ ఫోల్డరును చెత్తబుట్టకు పంపవచ్చును.

కొన్ని తగిలింపులు వెంట పరివారమును తెచ్చును. ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు ఇంటి నెట్‌వర్కు మీదుగా దృశ్యమును పంపు ఎన్‌డీఐ తగిలింపు అట్టిది. దానికి ఎన్‌డీఐ రన్‌టైమ్ అను తోడు సాధనము వేరుగా కావలెను. తగిలింపు పోయినను తోడు మిగిలియుండును. మరియు ఓబీఎస్ స్టూడియో ఫోల్డరులో ప్లగిన్ కాన్ఫిగ్ అను మరియొక ఫోల్డరు కలదు. తగిలింపులు తమ అమరికలను అందు దాచుకొనును. ఇవి మిగిలియున్నను హాని తక్కువ. ఆ తగిలింపును మరల చేర్చు ఉద్దేశము లేనిచో దాని పేరుగల ఫోల్డరును మాత్రము తీసివేయవచ్చును. విండోస్ కంప్యూటరులలో చేర్చిన సాఫ్ట్‌వేర్లను తొలగించుటకు ఒక పట్టిక యుండును. మ్యాక్‌లో అట్టి ఉమ్మడి పట్టిక ఈ తగిలింపులకు లేదు. చేర్చునప్పుడు పెట్టె తెరచి మీటలు నొక్కిన చాలును. తీయునప్పుడు మనమే వెదకవలెను. తొలగించు సాధనమును తగిలింపు రచయితయే ఇచ్చి యున్నచో దానినే వాడుట ఉత్తమము.

యంత్రమును ఒక్క నొక్కుతో శుభ్రపరచెదమని చెప్పు సాఫ్ట్‌వేర్లు కొన్ని కలవు. ప్రసారపు కంప్యూటరునకు వానిని వాడకుండుటయే మంచిదని మా అభిప్రాయము. ఏది పనికిరానిదో ఆ సాఫ్ట్‌వేరునకు తెలియదు. తన దృశ్యములను తానే కూర్చుకొనినవానికి మాత్రమే అది తెలియును. రెండు గంటలలో ముహూర్తమనగా తొలగింపునకు పూనుకొనుట కూడ తగదు. ఆ సమయమున ఆటంకము కలిగినచో సేఫ్ మోడ్‌లో తెరచి, వీలైనంత సాదా దృశ్యముతో ప్రసారమును సాగించుట వివేకము. రంగుల పట్టీలు లేకపోయినను మేనమామకు మాంగల్యధారణము కనబడును. శుభ్రపరచు పనిని ముహూర్తములు లేని మూఢములలోనో, ఆషాఢమాసములోనో పెట్టుకొనుట మన వృత్తివారికి అనువు.

తొలగింపు ముగిసిన పిమ్మట ఒక పరీక్ష తప్పక చేయవలెను. యూట్యూబులో ప్రసారమును అన్‌లిస్టెడ్ అను పద్ధతిన పెట్టినచో లంకె తెలిసినవారు మాత్రమే చూడగలరు. అట్లు ఒక అరగంట ప్రసారము చేసి, వేరొక ఇంటినుండి ఒకరిని చూడుమనవలెను. మాటయు పెదవుల కదలికయు కలిసియున్నవా, కెమెరాలు మారునప్పుడు తెర నల్లబడుచున్నదా, నాదస్వరపు ధ్వని చీలుచున్నదా యని వారు చెప్పవలెను. ఓబీఎస్ లోని స్టాట్స్ పట్టికలో తప్పిపోయిన బొమ్మల లెక్క యుండును. తొలగింపునకు ముందును, తరువాతను ఆ లెక్కను వ్రాసికొని పోల్చినచో చేసిన పనికి ఫలము ఎంతయో తెలియును.

ఇంకొక అలవాటును కూడ చేసికొనుడు. కంప్యూటరు ప్రక్కన ఒక చిన్న నోటుపుస్తకము నుంచి, తగిలింపును చేర్చిన ప్రతిమారును దాని పేరు, చేర్చిన తేదీ, ఏ పనికై చేర్చినది, ఏ దృశ్యమున వాడినది అను నాలుగు సంగతులను వ్రాయవలెను. స్టూడియోలో పనివారు మారుచుందురు. నేటి కుర్రవాడు చేర్చినది రేపటి కుర్రవానికి తెలియదు. నందిగామలో పని నేర్చిన యువకుడు జగ్గయ్యపేటలో మరియొకరి యంత్రము ముందు కూర్చుండవలసి వచ్చినప్పుడు, ఆ పుస్తకము పది నిమిషములలో అతనికి యంత్రము యొక్క చరిత్రను చెప్పగలదు. క్రొత్త తగిలింపును చేర్చబోవునప్పుడు కూడ అదే పుస్తకమును చూచి, ఈ పనిని ఓబీఎస్ తానే చేయగలదేమో యని ఒకమారు విచారించినచో, తొలగింపవలసినవి తగ్గును.